కిరీటం దిగిన చిహ్నం

కేథలిక్ మతపెద్ద హోదా తెలియాలంటే ఆయన చిహ్నంలో డాలును కాదు, దాని పైనున్న టోపీని చూడాలి. వెడల్పాటి అంచు, రెండు పక్కలా త్రాళ్లకు వేలాడే కుచ్చులు. ఆకుపచ్చ టోపీకి పక్కకు 6 కుచ్చులుంటే బిషప్, 10 ఉంటే ఆర్చిబిషప్. ఎర్ర టోపీకి 15 ఉంటే కార్డినల్. ఆ ఎర్ర టోపీని కార్డినళ్లకు ఇచ్చింది నాలుగో ఇన్నోసెంట్ పోపు, 1245లో. 1969లో తలకు పెట్టడం మానేశారు, చిహ్నంలో మాత్రం ఉంచారు. 2022లో తెలుగువారిలో తొలి కార్డినల్ అయిన హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారి హోదాకూ గుర్తు అదే. టోపీతో నాకు పేచీ లేదు. అది యాత్రికుల టోపీల వంశంలోది. పోపుల మూడంతస్తుల కిరీటం తియారా అలా కాదు, అది రాచరికపు సొమ్ము. 1964లో ఆరో పాల్ తన తియారాను బలిపీఠం మీద పెట్టి పేదల కోసం వదులుకున్నారు. అయినా పోపుల చిహ్నాల్లో అది ఇంకో నలభై ఏళ్లు కూర్చుంది. 2005లో దాన్ని తీయించి, బిషప్పులు ధరించే మైటర్‌ను వేయించింది సంప్రదాయవాదిగా పేరుపడ్డ పదహారో బెనెడిక్టే. మూడంతస్తులకు గుర్తుగా మైటర్ మీద మూడు బంగారు పట్టీలు మిగిలాయి, అంతే. ఎంత పెద్ద మనసు కావాలి దానికి! ఫ్రాన్సిస్, పద్నాలుగో లియో అదే దారిలో నడిచారు. వాటికన్ జెండా మీద తాళంచెవుల పైన మాత్రం తియారా ఇంకా ఉంది. దాన్నీ దించాలి.