డీలరు మాట చాలదు, రాసివ్వాలి

2021 సెప్టెంబరులో మారుతీ సుజుకీ 1,81,754 పెట్రోలు బండ్లను వెనక్కి పిలిచింది (రీకాల్ చేసింది). సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజా, ఎస్-క్రాస్, ఎక్స్‌ఎల్6 ఆ జాబితాలో ఉన్నాయి. మోటార్ జనరేటర్ యూనిట్‌లో లోపం ఉండొచ్చని, ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించింది. కొత్త పార్టులు బిగించడం మాత్రం నవంబరు మొదటి వారంలో మొదలవుతుందని, అందాకా నీళ్లు నిలిచిన చోట బండి నడపవద్దని, ఎలక్ట్రికల్ భాగాల మీద నేరుగా నీళ్లు కొట్టవద్దని యజమానులకు సూచించింది. సెప్టెంబరంటే ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఇంకా వానాకాలమే. గోదావరి పోటుకు శబరి ఎగదన్నితే కొంటా దగ్గర జాతీయ రహదారే మునుగుతుంది. అక్కడ ఎర్టిగా మీద బతికే టాక్సీ డ్రైవరు ఆ సూచన పాటించాలంటే బండిని వారాల తరబడి ఇంటి ముందు నిలిపేయాలి. నెలనెలా కిస్తీ కట్టాల్సినవాడు నిలపలేడు. అలాంటి మనిషికి మిగిలే రక్షణ ఒక్కటే: పిలిచిన కంపెనీ ఆ మరమ్మతు త్వరగా, నిజంగా చేసి పెట్టడం.

నిజంగా చేశారని ఎవరు చెప్పాలి? ఇవాళ ఉన్న పద్ధతిలో డీలరే చెబుతాడు. బండి సర్వీస్ సెంటరు లోపలికి వెళుతుంది, యజమాని బయట కుర్చీలో కూర్చుంటాడు, కాసేపటికి తాళాలు చేతికొస్తాయి. ‘అయిపోయింది సార్, తీసుకెళ్లండి’ అంటారు. ఏ పార్టు తీశారో, ఏది పెట్టారో, అసలు పెట్టారో లేదో ఆ తాళాలు చెప్పవు. మా పత్రిక మాట సూటిగా చెబుతున్నాం. రీకాల్ పని చేసిన ప్రతి డీలరూ పని వివరం, మార్చిన పార్టు నంబరు, బండి చాసిస్ నంబరు రాసి సంతకం చేసి ఇవ్వాలి. ఆ సంతకానికి తయారీ కంపెనీ పూచీ పడాలి. ఆ వివరం ప్రభుత్వ వాహన్ రికార్డులో చేరి, బండి కొనబోయేవాడికీ ఎక్కబోయేవాడికీ కనిపించాలి. ఇవి లేనంతకాలం డీలరును నమ్మండని ప్రజలకు చెప్పే హక్కు ఏ కంపెనీకీ లేదు.

డీలర్లందరూ మోసగాళ్లని మేం అనడం లేదు. జగదల్‌పూర్ షోరూంలలోనూ, జాతీయ రహదారి పక్కన రేకుల షెడ్లలోనూ చేతిలో పనితనమున్న కుర్రాళ్లున్నారు. ఇబ్బంది లెక్కలో ఉంది. రీకాల్ పనికి బండి యజమాని పైసా ఇవ్వడు. కంపెనీయే డీలరుకు పార్టు పంపి, ఇంత పనికి ఇంత అని ముందే కట్టిన కూలీ చెల్లిస్తుంది. అదే ర్యాంపు మీద డబ్బిచ్చే సర్వీసు బండి ఎక్కితే డీలరుకు మిగిలేది ఎక్కువ. కాబట్టి రీకాల్ బండి వరసలో వెనక్కి జరుగుతుంది, పార్టు రాలేదంటారు, వచ్చే వారం రమ్మంటారు. తీరా చేతికి తీసుకున్నాక తొందరగా ముగించాలన్న ఒత్తిడి మెకానిక్ మీద ఉంటుంది. పనిలో పనిగా బ్రేక్ ప్యాడ్లు పోయాయి, ఫలానాది అరిగింది అని నాలుగు వేల బిల్లు కలిపే ప్రలోభమూ ఉంటుంది. ఇన్ని ఒత్తిళ్ల మధ్య పని సవ్యంగా సాగాలంటే మంచితనం మీద భారం వేస్తే కుదరదు, రాతపూర్వకమైన బాధ్యత ఉండాలి.

పని సరిగా జరగకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల మరమ్మతులో దొరుకుతుంది. ఆ ఎయిర్‌బ్యాగులు విచ్చుకునేటప్పుడు లోపలి లోహపు డబ్బా (ఇన్‌ఫ్లేటర్) పగిలి ముక్కలు మనుషుల్లో దిగబడ్డాయి, అమెరికాలోనే ఇరవై మందికి పైగా చనిపోయారు. ఫోర్డ్ కంపెనీ తన రేంజర్ పికప్‌లను వెనక్కి పిలిచి కొత్త ఇన్‌ఫ్లేటర్లు పెట్టించింది. కొన్నేళ్లు గడిచాక, అలా మార్చిన వాటిలో కొన్నింటిని సరిగా బిగించి ఉండకపోవచ్చని తెలిసి, 2023లో ఆ బండ్లనే మళ్లీ పిలవాల్సి వచ్చింది. రికార్డులో వాటి పని పూర్తయినట్టే ఉంది. యజమానులు నిశ్చింతగా నడుపుతున్నారు. అంత నిఘా ఉన్న దేశంలో ఆ పొరపాటు బయటపడింది. మన దగ్గర బయటపడే దారి ఏది?

కోర్టుకు వెళితే ఏమవుతుందో కూడా చూడాలి. గోవాలో ఒక కొనుగోలుదారుకు 2011 మోడల్ అని చెప్పి, అప్పటికే తిరిగిన 2009 నాటి కారును డీలరు అంటగట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో ఆ కోర్టు, డీలరుకూ తయారీ కంపెనీకీ మధ్య ఉన్నది ఇద్దరు స్వతంత్ర వ్యాపారుల సంబంధమని, కంపెనీకి తెలిసే జరిగిందని రుజువు లేనప్పుడు డీలరు చేసినదానికి కంపెనీని బాధ్యుణ్ణి చేయలేమని చెప్పింది. అమ్మకం విషయంలో ఆ తర్కం నిలుస్తుందేమో. రీకాల్ మరమ్మతుకు దాన్ని ఎంతమాత్రం వర్తింపజేయకూడదని మేం గట్టిగా అంటున్నాం. లోపం పుట్టింది కంపెనీ ఫ్యాక్టరీలో. దాన్ని సరిదిద్దడానికి ఈ డీలరు దగ్గరికే వెళ్లమని కంపెనీయే పంపింది, యజమాని ఎంచుకున్నది కాదు. పిలిచేటప్పుడు డీలరు మా మనిషే అని, తేడా వచ్చినప్పుడు ఆయన వేరు మేము వేరు అని చెప్పడానికి వీల్లేకుండా చట్టంలోనే ఒక వాక్యం చేర్చాలి.

ఇక చట్టం సంగతి. 2012లో వాహన తయారీదారుల సంఘం స్వచ్ఛందంగా రీకాల్ నియమావళి పెట్టుకుంది. ఆ మరుసటి ఏడాదే జనరల్ మోటార్స్ 2005 నుంచి 2013 దాకా అమ్మిన 1.14 లక్షల షెవర్లే టవేరాలను వెనక్కి పిలవాల్సి వచ్చింది. కారణం పొగ పరీక్షల్లో అవకతవకలు. వాటిని విచారించిన ప్రభుత్వ కమిటీ అది కంపెనీ చేసిన మోసమేనని తేల్చింది. టవేరా అంటే ఒకప్పుడు మన రోడ్ల మీద టాక్సీకి మారుపేరు. స్వచ్ఛంద నియమావళి ఎంత కాపలా కాస్తుందో అప్పుడే తెలిసిపోయింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ సెక్షన్ తెచ్చారు. లోపమున్న బండిని వెనక్కి పిలవమని కేంద్రం ఆదేశించవచ్చు, కంపెనీ డబ్బు తిరిగివ్వాలి లేదా బండి మార్చాలి లేదా బాగుచేయాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనలు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పెట్టాయి, యజమానులు ఫిర్యాదు చేసుకునే పోర్టల్ ఏర్పాటు చేశాయి. కంపెనీ తనంతట తాను లోపాన్ని కేంద్రానికి తెలిపి బండ్లను పిలిస్తే జరిమానా లేదు.

ఇందులో మంచి ఉంది, పెద్ద రంధ్రమూ ఉంది. ఎన్ని బండ్లను పిలిచారో పేపర్లలో అచ్చవుతుంది. ఎన్ని బాగుపడ్డాయో, ఏ జిల్లాలో ఎన్ని మిగిలాయో పాఠకుడికి ఎక్కడా కనిపించదు. అమెరికాలో కంపెనీలు మూడు నెలలకోసారి ఆ లెక్క ప్రభుత్వానికి ఇవ్వాలి, దాన్ని ఎవరైనా చూడవచ్చు. మన నిబంధనలు ఏడేళ్లు దాటని బండ్లకే వర్తిస్తాయి. ఈ పరిమితి మా దృష్టిలో తప్పు. టకాటా ఎయిర్‌బ్యాగుల్లో వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ గాలిలోని తేమకూ గురై పాడవుతుంది, అంటే బండి పాతబడేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. హోండా 2018 జనవరిలో మన దేశంలో 22,834 కార్లను ఈ కారణంతోనే పిలిచింది. అవి 2013లో తయారైనవి. విశాఖ ఉక్కపోతలో కొన్నేళ్లు తిరిగి, చేతులు మారి, జగదల్‌పూర్ చేరే కార్ల వయసు ఎంతో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు.

చేతులు మారడం దగ్గరే అసలు కథ తెగిపోతుంది. రీకాల్ కబురు ఎస్ఎంఎస్‌గా మొదటి యజమాని ఫోనుకు వెళుతుంది. రాయ్‌పూర్‌లోనో వరంగల్‌లోనో కొన్న బండిని భోపాలపట్నంలో మూడో మనిషి నడుపుతుంటాడు, ఆర్సీ ఇంకా పాత పేరు మీదే ఉంటుంది. వచ్చిన కబురు ఇంగ్లిషులో ఉంటే హల్బీ, గోండీ, దోర్లీ మాట్లాడే డ్రైవరుకు అది మరో లోన్ ఆఫర్‌లా కనిపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయాడు. ఆ మనిషి పేరున ఆ బండి అమ్మకంగానీ సర్వీసుగానీ తమ రికార్డుల్లో లేదని, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారేమో చూస్తున్నామని హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీ అప్పుడు చెప్పింది. ఆ వెంటనే 2,000 స్కూటర్లను వెనక్కి పిలిచింది. రికార్డులో లేని ఇంటికి ఆ పిలుపు ఎలా చేరుతుంది? వాహన్‌లో చాసిస్ నంబరుకు రీకాల్ వివరం కలిపి ఉంచితే, పేరు మార్పిడికి వెళ్లినప్పుడో బీమా కట్టినప్పుడో పట్టుబడుతుంది.

బండి సొంతం కానివాళ్ల గురించి కంపెనీలు అసలే ఆలోచించవు. ఏటా మిరప కోతల కాలంలో సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి ఆదివాసీ కుటుంబాలు పికప్‌లలో, జీపుల్లో ఖమ్మం, భద్రాద్రి, ములుగు జిల్లాలకు వస్తాయి. వారపు సంతకు వెళ్లేదీ అదే బండ్ల మీద. 2021లో మహీంద్రా ఒక ద్రవ గొట్టం బిగింపు మీద అనుమానంతో 29,878 పికప్‌లను తనిఖీకి పిలిచింది. అలాంటి బండి వెనక తట్టాబుట్టతో ఎక్కిన ఆడమనిషికి ఆ పిలుపు గురించి ఎవరు చెబుతారు? ఆమె చాసిస్ నంబరు చూసి ఎక్కదు. ఆమె తరఫున చూడాల్సింది రవాణా శాఖ. అద్దెకు తిరిగే ప్రతి బండికీ ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. లైట్లు, బ్రేకులు, పొగ చూసే ఆ పరీక్షలోనే రీకాల్ పని మిగిలి ఉందా అని చూడటానికి అయ్యే ఖర్చు ఏముంది? జపాన్ 2018 మే నుంచి, ప్రమాదకరమైన టకాటా ఎయిర్‌బ్యాగు మార్చని కార్లను తనిఖీలో నిలిపేస్తోంది. అమెరికాలో రేచల్, జాక్వెలిన్ హౌక్ అనే అక్కచెల్లెళ్లు 2004లో రీకాల్ పని చేయని అద్దెకారులో చనిపోయారు. వాళ్ల పేరున వచ్చిన చట్టం 2016 నుంచి, మరమ్మతు కాని కారును పెద్ద అద్దె కంపెనీలు బయటికి ఇవ్వకుండా ఆపింది. ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మూడూ ఒకే రోడ్ల మీద ఒకే బండ్లను పంచుకుంటున్నాయి. మూడు రవాణా శాఖలూ ఈ తనిఖీ కావాలని కేంద్రాన్ని కలిసి అడగాలి.

మేము పిలిచాం, యజమానులే రావడం లేదు అని కంపెనీలు అంటాయి. కొంటా నుంచి జగదల్‌పూర్ సుమారు 180 కిలోమీటర్లు, భోపాలపట్నం నుంచి 200 పైనే. రానూపోనూ డీజిలు, రెండు రోజుల బాడుగ నష్టం, వెళ్లాక పార్టు లేదంటే మళ్లీ అదే తిరుగుడు. 2023 జనవరిలో మారుతీ ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ కోసం 17,362 కార్లను పిలిచినప్పుడు, పార్టు మార్చేదాకా నడపవద్దని చెప్పింది. అదే ఏడాది జులైలో ఎస్-ప్రెసో, ఈకోలు 87,599 పిలిచింది, కారణం స్టీరింగ్ టై రాడ్ విరగవచ్చన్న అనుమానం. టై రాడ్ మీద అనుమానమున్న ఈకోను దర్భా ఘాట్ మలుపుల గుండా నడిపించుకుని డీలరు దగ్గరికి తెమ్మనడం భద్రత అనిపించుకోదు. కొత్త మోడల్ వస్తే ఊరూరా షామియానా వేసి చూపిస్తారు. సుక్మాలో, బీజాపూర్‌లో, కొంటాలో పార్టులతో, మెకానిక్‌లతో రెండు రోజుల శిబిరం పెట్టగలరు. నడపకూడని బండిని కంపెనీ ఖర్చుతో ఎత్తుకెళ్లాలి.

ఇవన్నీ వచ్చేలోగా బండి ఉన్నవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. ఆర్సీలోని చాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూసుకోండి. మారుతీ వంటి కంపెనీలు ఆ వీలు ఇచ్చాయి. బయల్దేరేముందు ఫోన్ చేసి పార్టు వచ్చిందో లేదో వాట్సాప్‌లో రాసి పంపమనండి. జాబ్ కార్డులో రీకాల్ పనిని విడిగా రాయించండి. తీసిన పాత పార్టు చూపమనండి. కొన్నిటిని కంపెనీకి తిప్పి పంపాలంటారు, అప్పుడు ఫోటో తీసుకోండి. వేరే మరమ్మతు చెబితే ఈ పూటకు వద్దనండి, ఊళ్లో మీకు తెలిసిన మెకానిక్‌కు చూపించాక ఆలోచించండి. రీకాల్ పనికి సున్నా రూపాయల బిల్లయినా సరే, బిల్లు లేకుండా తాళాలు తీసుకోవద్దు. రాసివ్వనంటే అక్కడే నిలబడి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సర్వీసు చేసినవాడి తప్పు వల్ల నష్టం జరిగితే అతనూ బాధ్యుడే, లోపం కంపెనీదైతే కంపెనీ బాధ్యత. ఆ చట్టం కింద ఫిర్యాదు కంపెనీ ఉన్న ఊళ్లో వేయనక్కర్లేదు, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. వస్తువుకో సేవకో చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే రుసుము కూడా లేదు.