ముందు కూర్చుని లెక్క చూసుకుందాం

డిసెంబరు దగ్గర పడుతోందంటే గోదావరి ఒడ్డున క్రైస్తవుల ఇళ్లల్లో ఒక హడావుడి మొదలవుతుంది. గోడలకు సున్నం, గుమ్మాలకు రంగులు, డాబా మీద నక్షత్రం. ఈ మధ్యకాలంలో ఈ జాబితాలోకి బాత్‌రూము కూడా చేరింది. పాత గచ్చు తవ్వించి టైల్స్ వేయించాలి, కమోడ్ పెట్టించాలి, గీజరు బిగించాలి. పండుగకు చుట్టాలొస్తారు, కేరల్స్ పాడే పిల్లలొస్తారు, పాస్టరుగారొస్తారు. ఇల్లు బాగుండాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. శుభ్రమైన బాత్‌రూము విలాసమూ కాదు. అయితే దాని కోసం మనం రాసుకునే ఖర్చుల కాగితం మన విశ్వాసం గురించి ఎంతో చెబుతుంది. ఆదివారం మనం పాడే పాటలు చెప్పని సంగతులు కూడా చెప్పేస్తుంది.

రాజమహేంద్రవరంలో ఒక విశ్వాసి ఇంటికి ఈ మధ్య కుటుంబ ప్రార్థనకు వెళ్లాం. ప్రార్థన అయ్యాక ఇంటాయన ఎంతో సంతోషంగా ఒక ఎస్టిమేటు కాగితం తెచ్చి చూపించాడు. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉన్న బాత్‌రూముకు మొత్తం 1,90,000 రూపాయలు. పూల డిజైను టైల్స్, మధ్యలో అద్దాల అడ్డుగోడ, నెత్తిమీద వాన కురిసినట్టు నీళ్లు పడే షవరు, పైన ఫాల్‌సీలింగు. చేతిలో ఉన్నది 1,30,000. మిగతా 60 వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తానన్నాడు. ‘‘పని మొదలుపెడితే దేవుడే చూసుకుంటాడండీ’’ అన్నాడు.

ఆయన తల్లి వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. డెబ్బై అయిదేళ్లు దాటిన మనిషి. మోకాళ్లు అరిగిపోయి గోడ పట్టుకుని నడుస్తోంది. సెలవు తీసుకుంటూ ‘‘ఒంట్లో ఎలా ఉంటోందమ్మా?’’ అని అడిగాం. ‘‘బానే ఉందండి అయ్యగారూ. రాత్రిళ్లు మాత్రం మంచినీళ్లు తాగడం మానేశానండి. తాగితే లేవాలి కదండీ. ఆ తడి గచ్చు మీద కాలు జారిందంటే ఇక లేచేది ఉండదు’’ అంది. కొడుకు అక్కడే నిలబడి విన్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. తల్లికి మందులు వేళకు తెచ్చి ఇస్తాడు. కానీ ఆ ఎస్టిమేటు రాసేటప్పుడు ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు. అందులో చుట్టాలు మెచ్చుకునే అద్దాలున్నాయి గాని, ఆమె పట్టుకుని లేవడానికి ఒక్క కడ్డీ లేదు.

గోపురం కట్టించదలచినవాడు ముందుగా కూర్చుని, పని పూర్తి చేసే స్తోమత తనకుందో లేదో లెక్క చూసుకోవాలని ప్రభువు బోధించాడు. పునాది వేసి మధ్యలో ఆపేసినవాణ్ణి చూసి జనం నవ్వుతారని కూడా హెచ్చరించాడు (లూకా 14:28-30). ఆయన అక్కడ చెబుతున్నది శిష్యుడిగా జీవించడానికి చెల్లించాల్సిన వెల గురించి. అయినా అందుకు ఆయన ఎంచుకున్న ఉదాహరణ ఇల్లు కట్టేవాడి లెక్కే. లెక్క వేసుకోవడం అవిశ్వాసమని ప్రభువు ఎక్కడా అనలేదు. ‘దేవుడే చూసుకుంటాడు’ అనే మాట తన వంతు పని చేసినవాడి నోట వస్తే అది విశ్వాసం. లెక్క చూడటానికి బద్ధకించినవాడి నోట వస్తే అది దేవుణ్ణి శోధించడమే అవుతుంది.

మన ఊరి పక్కనే ఉన్న ధవళేశ్వరం ఈ పాఠాన్ని పెద్ద అక్షరాలతో చెబుతోంది. కాటన్ దొర గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టక ముందు నదిని, నేలను పరిశీలించి 1844లోనూ, 1845లోనూ ప్రభుత్వానికి నివేదికలు రాశాడు. 1846లో అనుమతి వచ్చింది. 1847లో పని మొదలై 1852లో ముగిసింది. అయిదేళ్ల పనికి ముందు సుమారు మూడేళ్లు లెక్కలకే పట్టింది. భక్తిపరుడైన ఆ ఇంజనీరు ప్రార్థనను, అంచనాను ఒకదానికొకటి శత్రువులుగా చూడలేదు. ఇంత పెద్ద గోదావరికే లెక్క కావలసి వచ్చినప్పుడు మన చిన్న బాత్‌రూముకు అక్కర్లేదా?

ఆ లెక్క ఎలా ఉండాలో చూద్దాం. అయిదు, ఏడు అడుగుల గదికి నేల 35 చదరపు అడుగులు. ఏడడుగుల ఎత్తు వరకు గోడలకు వేస్తే 168. రెండున్నర అడుగుల తలుపు జాగా తీసేస్తే 150. నేల, గోడలు కలిపి 185. కోతలో పోయేవి, పగిలేవి నూటికి పది కలుపుకుంటే సుమారు 205 చదరపు అడుగుల టైల్స్ కావాలి. కొట్టుకు వెళ్లేముందు ఈ అంకె మన జేబులో ఉంటే ఎవరూ మనకు మూడొందల అడుగులు అంటగట్టలేరు. ఆ తర్వాత పాతవి పగలగొట్టే కూలి, చెత్త తరలించే బండి కిరాయి, నీళ్ల పైపులు, మురుగు పైపులు, నీరు ఇంకకుండా వేసే పూత, కమోడ్, కుళాయిలు, తలుపు, కరెంటు పని, మేస్త్రి మజూరీ వేర్వేరుగా రాసుకోవాలి. రాష్ట్రంలో 2024 జూలై నుంచి ఇసుక ఉచితమన్నా లోడింగు, రవాణా ఖర్చులు మనవే. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అయితే బాత్‌రూముకు పట్టే సిమెంటు కొన్ని బస్తాలే గనుక దానివల్ల మిగిలేది కొద్దిగానే.

పాత ఇళ్లలో గచ్చు తవ్వేదాకా కింద ఏముందో ఎవరికీ తెలియదు. పైపు పుచ్చిపోయి ఉండొచ్చు, గోడ చెమ్మ పట్టి ఉండొచ్చు. అందుకే మొత్తంలో నూటికి పది పదిహేను రూపాయలు ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. ఆ సొమ్ము లేని ఎస్టిమేటు సగం ఎస్టిమేటే. నీరు ఇంకకుండా పూత వేశాక టైల్స్ పరచక ముందు ఒక పగలూ ఒక రాత్రీ నేల మీద నీళ్లు నిలగట్టి చూడాలి. తొందరపడి ఆ ఒక్క రోజు మిగుల్చుకుంటే తర్వాత కారే నీళ్లకు గోడలన్నీ పాడైపోతాయి.

ఇక ఎస్టిమేటులో ముందు వరుసలో రాయాల్సిందేమిటి? కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టించాలనీ, ఎవరైనా పడిపోతే ఆ ప్రాణదోషం ఆ ఇంటి మీదికి వస్తుందనీ ధర్మశాస్త్రం నేర్పింది (ద్వితీయోపదేశకాండము 22:8). ఆనాటి ఇళ్లలో పై కప్పు మీద మనుషులు తిరిగేవారు. పడే చోటు అక్కడ ఉంది గనుక పిట్టగోడ అక్కడ కట్టమన్నారు. మన ఇళ్లలో ముసలివాళ్లు పడే చోటు బాత్‌రూము. కాబట్టి మన కాలపు పిట్టగోడ అంటే కాలు జారని గరుకు టైల్స్, కమోడ్ పక్కన గోడలోకి గట్టిగా దిగిన కడ్డీ, రాత్రి వెలిగే చిన్న దీపం, చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు తలుపు. ఆ తలుపు బయటికి తెరుచుకుంటే లోపల ఎవరైనా పడిపోయినా వెంటనే తీయగలుగుతాం. తువ్వాలు ఆరేసే కడ్డీ మనిషి బరువు ఆపదని గుర్తుంచుకోవాలి. ఇవన్నీ కలిపినా అద్దాల అడ్డుగోడ ఖరీదు కాకపోవచ్చు.

‘ఇది కూడా దేవుని సంగతేనా?’ అని కొందరికి అనిపించవచ్చు. ఇశ్రాయేలీయుల పాళెంలో మలవిసర్జన ఎక్కడ చేయాలో, దాన్ని ఎలా కప్పెట్టాలో కూడా దేవుడు ఆజ్ఞాపించాడు. తానే ఆ పాళెంలో సంచరిస్తున్నాననీ, అందుకే అది పరిశుద్ధంగా ఉండాలనీ కారణం కూడా చెప్పాడు (ద్వితీయోపదేశకాండము 23:12-14). మన ఇంట్లో ప్రార్థన గదిలోకి మాత్రమే వచ్చి వెళ్లే దేవుడు కాడు ఆయన. మనం ఎవరికీ చూపించని గదిని కూడా చూస్తాడు.

ఆ గది కట్టే చేతుల్ని కూడా చూస్తాడు. టైల్స్ కొట్లో చెప్పిన ధర ఇచ్చి వచ్చి, ఇంటి దగ్గర తాపీ మేస్త్రి మజూరీలో వంద రూపాయలకు గంటసేపు బేరమాడే అలవాటు మనలో ఉంది. పని అయ్యాక ‘ఆదివారం తర్వాత రా’ అని తిప్పించుకునే వాళ్లూ ఉన్నారు. పనివాళ్లకు కూలి ఇవ్వకుండా విశాలమైన మేడలు కట్టించుకుని, దేవదారు పలకలు పరిచి, ఎర్ర రంగు పూయించుకున్న రాజును యిర్మీయా ప్రవక్త ఎంత కఠినంగా గద్దించాడో చదవండి (యిర్మీయా 22:13-14). కూలివాడి కూలి సూర్యుడు అస్తమించక ముందే ఇవ్వాలన్నది ధర్మశాస్త్రం (ద్వితీయోపదేశకాండము 24:15). 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చి నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో సువార్త చెప్పిన విలియం బౌడెన్ రాతిపని చేసిన తాపీవాడు. ఆయనతో వచ్చిన జార్జ్ బీర్ చెప్పులు కుట్టినవాడు. పనివాళ్ల చేతుల మీదుగా ఈ డెల్టాకు సువార్త అందింది. మన ప్రభువే నజరేతులో వడ్రంగి. మేస్త్రి మజూరీ మిగుల్చుకునే చోటు కాదు.

సెప్టిక్ ట్యాంకు విషయం కూడా కాగితంలో ఉండాలి. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని అందులోకి దించి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మురుగు కాలువల పనిలో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. చనిపోతున్నవాళ్లలో అత్యధికులు నిరుపేద దళితులు. మనలో ఎందరికో వాళ్లు స్వజనం. మిషను బండి కిరాయి భారమనిపించి మనిషిని దింపితే, మిగిలిన ఆ డబ్బుతో ఇచ్చే కానుకను దేవుడు అంగీకరిస్తాడా?

అప్పు సంగతీ చూడాలి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే 60 వేలకు నెలకు 1,200. ఏడాదికి 14,400 కట్టినా అసలు అలాగే ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేసిన అప్పును ఎవరూ తప్పు పట్టరు. చుట్టాల ముందు పరువు కోసం చేసే అప్పు వేరు. ప్రేమ తప్ప మరే బాకీ ఉంచుకోవద్దన్న పౌలు హితవు (రోమా 13:8) పండుగ నెలకు కూడా వర్తిస్తుంది.

ఇదే కాగితం సంఘం ముందు కూడా పెట్టాలి. మైకు సెట్లకు, ముఖద్వారం ఆర్చీలకు లక్షలు పోగుచేసే మన మందిరాల్లో ఆడవాళ్లకు సరైన మరుగుదొడ్డి ఉన్నవి ఎన్ని? ఉన్నచోట తాళం ఎవరి దగ్గర ఉంది? మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లు మూడు గంటల ఆరాధనకు వస్తూ ఉదయం నుంచి గొంతు తడుపుకోవడం లేదని సంఘ పెద్దలకు తెలుసా? వచ్చే కమిటీ మీటింగులో ఆర్చీ కన్నా ముందు దీని గురించి మాట్లాడితే, అది ఆరాధనకు అంతరాయం కానే కాదు.

ఆ రాత్రి ఆ కొడుకు ఎస్టిమేటు మళ్లీ రాశాడట. అద్దాలు, వాన షవరు, ఫాల్‌సీలింగు కొట్టేశాడు, పూల టైల్స్ బదులు సాదావి పెట్టాడు. 90 వేలు తగ్గాయి. తల్లికి కావలసినవి రాస్తే 15 వేలు పెరిగింది. మొత్తం 1,15,000 తేలింది. చేతిలో ఉన్నదాంట్లో మిగిలిన 15 వేలు అనుకోని ఖర్చులకు పక్కన పెట్టాడు. అన్నట్టుగానే మురుగు పైపు పుచ్చి ఉంది, దానికి 11 వేలయింది. అప్పు చేయలేదు. పని ముగిసిన సాయంత్రమే మేస్త్రికి, కూలీలకు బాకీ లేకుండా ఇచ్చేశాడు. మొన్న మళ్లీ వెళ్లినప్పుడు ఆమె మంచం పక్కన స్టూలు మీద మూత పెట్టిన మంచినీళ్ల చెంబు కనిపించింది.

మన ఇంటి ఎస్టిమేటును ఈ రాత్రి కుటుంబ ప్రార్థన దగ్గర పెట్టుకుందాం. ఇంట్లో అందరికన్నా బలహీనులెవరో ముందు వాళ్లనే అడుగుదాం. పని చేసేవాడి కూలి పూర్తిగా రాద్దాం. అప్పు అవసరమా, ఆడంబరమా అని నిజాయితీగా ప్రశ్నించుకుందాం. మిక్కిలి అల్పులైన వీరిలో ఒకరికి చేసింది తనకే చేసినట్టని చెప్పిన ప్రభువు (మత్తయి 25:40) ఆ కాగితాన్ని కూడా చదువుతాడు.