రాగి ముద్ద మంచిదే, కానీ అవ్వ మతిమరుపుకి అది మందు కాదు

పై వీడియోలో మా మర దగ్గర రాగులు, కొర్రలు శుభ్రం చేసి పిండి పట్టడం చూపించాను. అందులో చెప్పకుండా వదిలేసిన మాట ఒకటుంది. కెమెరా ముందు చెప్పడానికి నోరు రాలేదు, అందుకే రాస్తున్నా.

హిందూపురంలో స్టాల్ పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "అన్నా, మా నాయనకు మతిమరుపు ఎక్కువైంది. ఏ మిల్లెట్ పెడితే తగ్గుతుంది?" నేను కొర్రలంటే కొర్రలు, అరికెలంటే అరికెలు, ఏది చెప్తే అది కొనుక్కుని పోతారు. ప్యాకెట్ మీద "జ్ఞాపకశక్తికి" అని ఒక ముక్క అచ్చు వేయిస్తే ఇంకా ఎక్కువ పోతాయి. వేస్తున్నవాళ్లూ ఉన్నారు. నేను వేయను. ఎందుకో చెప్పాలంటే మా అవ్వ సంగతి చెప్పాలి.

మా ఊరు పెనుకొండ పక్కన. అవ్వకు 76 ఏళ్లు. తాత పోయినాక నీసు మానేసింది, గుడ్డు కూడా ముట్టదు. పొద్దున టీలో బన్ను, మధ్యాహ్నం ఇంత అన్నం, చింతపండు చారు, ఊరగాయ. రాత్రికి మళ్లీ అదే. పదేళ్లుగా షుగర్ మాత్ర, దాంతోపాటు గ్యాస్ మాత్ర. పోయినేడాది నుంచి అడిగిందే అడగడం మొదలుపెట్టింది. స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయేది. కాళ్లు తిమ్మిర్లనేది, నడిస్తే తూలేది. ఒకరోజు నన్ను మా నాయన పేరుతో పిలిచి "ఏమప్పా, శెనక్కాయ పీకినారా?" అనింది. అప్పటికి శెనక్కాయ పీకి మూడు నెలలయింది.

నాయన ఆసుపత్రికి తీసుకుపోదామన్నాడు. నేనే ఆపినా. వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి, పదిమందికి చిరుధాన్యాలు అమ్ముతున్నవాణ్ణి, మా ఇంట్లో మనిషిని తిండితో బాగు చేసుకోలేనా అని పంతం. కొర్ర గంజి, రాగి మాల్ట్, మునగాకు పొడి. ఏడు నెలలు పెట్టినా. అవ్వ పాపం ఏది పెట్టినా తినింది. మతిమరుపు మాత్రం పెరిగిందే కానీ తగ్గలేదు.

చివరికి నాయన నాకు చెప్పకుండానే తీసుకుపోయినాడు. డాక్టరమ్మ రక్త పరీక్ష రాసింది. బి12 విటమిన్ బాగా పడిపోయింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టినారు. మూడు నెలలకు అవ్వ చాలావరకు తేరుకుంది. మమ్మల్ని మా పేర్లతోనే పిలుస్తోంది. కానీ కాళ్ల తిమ్మిరి పూర్తిగా పోలేదు, లెక్కలు ఇప్పటికీ తప్పుతోంది. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "తిండి మంచిదే పెట్టినావు బాబూ. పరీక్ష ముందు చేయించింటే ఇన్ని నెలలు పోయేవి కావు" అనింది, అంతే.

నాకు సిగ్గేసింది ఎక్కడంటే, చేనులో అయితే నేను ఆ పని చేయను. వేరుశనగ ఆకు పసుపురంగుకు తిరిగితే ఇనుము లోపమా, నత్రజని లోపమా, వేరుకుళ్లా అని చూస్తాం. మట్టి పరీక్ష చేయిస్తాం. అన్నిటికీ జీవామృతమే పోస్తా అనే రైతును మనమే నవ్వుతాం. అవ్వ విషయంలో నేను చేసింది అదే.

బి12 రాగుల్లో లేదు, కొర్రల్లో లేదు, మునగాకులో లేదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం నుంచే మనకు వస్తుంది. వయసు పెరిగేకొద్దీ కడుపు దాన్ని సరిగా పీల్చుకోలేదు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి వేసుకుంటే ఇంకా తగ్గుతుంది. మా అవ్వకు ఇవన్నీ ఒకేసారి కలిశాయి. ఇక్కడ ఇంకో మాట ఒప్పుకోవాలి. మాకు రెండు నాటు ఆవులున్నాయి. పేడ, మూత్రం జీవామృతానికి జాగ్రత్తగా పట్టుకుంటాం. పాలన్నీ కేంద్రానికి పోస్తాం. అవ్వకు దక్కింది టీలో రెండు చుక్కలు.

అన్ని మతిమరుపులూ బి12 వల్ల రావు. అల్జీమర్స్ వేరు, దాన్ని ఇంజెక్షన్‌తో వెనక్కి తిప్పలేరు. కానీ థైరాయిడ్ తేడా, బి12 లోపం, దిగులు, కొన్ని మాత్రల ప్రభావం కూడా చూడ్డానికి మతిమరుపులాగే ఉంటాయి. వాటికి వైద్యం ఉంది. అందుకే ముందు పరీక్ష, తర్వాతే మన పిండి.

అయితే తిండికి మెదడుతో సంబంధమే లేదా? ఉంది. మనం ప్యాకెట్ మీద రాసినట్టు కాదు, వేరేలా ఉంది. చికాగోలో రష్ యూనివర్సిటీ వాళ్లు 2015లో ఆకుకూరలు, పప్పుగింజలు, ముడిధాన్యం, గింజలు, చేపలు ఎక్కువగా ఉండే భోజన పద్ధతిని ముందుకు తెచ్చారు. దానికి 'మైండ్ డైట్' అని పేరు. అలా తినేవాళ్లకు అల్జీమర్స్ తక్కువగా వస్తున్నట్టు వాళ్ల లెక్కల్లో కనిపించింది. తర్వాత 65 ఏళ్లు దాటిన 604 మందిని రెండు గుంపులుగా చేసి మూడేళ్లు పరీక్షించారు. ఒక గుంపుకు మైండ్ డైట్, ఇంకో గుంపుకు మామూలు తిండే కొంచెం తగ్గించి. 2023లో ఫలితం వచ్చింది. రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకుముందు ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ల వాళ్లు 1260 మందితో రెండేళ్లు ఇంకో ప్రయత్నం జరిగింది. అందులో మంచి తిండితో పాటు వ్యాయామం, మెదడుకు పని, బీపీ షుగర్ల అదుపు, అన్నీ కలిపి చేశారు. 2015లో వచ్చిన ఫలితంలో వాళ్లకు మేలు కనిపించింది. నాకు అర్థమైంది ఇదీ: కంచం ఒక్కటే సరిపోదు, అన్నీ కలవాలి.

2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు మనం మార్చుకోగల 14 కారణాలు చెప్పింది. వాటిలో షుగర్, బీపీ, చెడు కొలెస్ట్రాల్, ఊబకాయం ఉన్నాయి. ఈ నాలుగూ కంచంలోంచే సగం వస్తాయి. అంటే తిండి మెదడును కాపాడేది 70 ఏళ్లప్పుడు తాగిన మాల్ట్‌తో కాదు, 40 ఏళ్లప్పటి నుంచి రక్తనాళాలను చెడకుండా చూడ్డంతో. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అంచనా వేశారు. పట్నాల కంటే పల్లెల్లోనే ఎక్కువ. పల్లె గాలి, పల్లె తిండి అని మనం ధీమాగా కూర్చోడానికి లేదు.

ఆ పల్లె తిండి ఇప్పుడెక్కడుంది అనేది ఇంకో ప్రశ్న. మా అవ్వ వయసులో ఉన్నప్పుడు రాగి ముద్ద, ఉలవ కట్టు, ఆకుకూర పప్పు, మజ్జిగ. చేలన్నీ శెనక్కాయ అయిపోయాయి, ఇంటికి బియ్యం వచ్చింది. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టాడు, తర్వాత ఆయనే మన హిందూపురం ఎమ్మెల్యే అయ్యాడు. ఆ బియ్యాన్ని నేను తిట్టను, కరువు సీమలో అది కడుపులు నింపింది. పోయింది ముద్ద ఒక్కటే కాదు, ముద్ద పక్కన ఉండే పప్పు, ఆకు, మజ్జిగ కూడా పోయాయి. ఇప్పుడు మనం ముద్దను ప్యాకెట్లో వెనక్కి తెస్తున్నాం, పక్కవాటిని మర్చిపోతున్నాం.

ఇంట్లో పెద్దవాళ్లుంటే నేను చెప్పేది ఇంతే. మతిమరుపు కనిపిస్తే బి12, థైరాయిడ్, షుగర్, బీపీ చూపించండి. చెవి, కన్ను కూడా. షుగర్ మాత్ర సొంతంగా ఆపొద్దు, బి12 గురించి డాక్టరును అడగండి. పాలు కేంద్రానికి పోసేముందు ఇంట్లో పెద్దవాళ్ల పెరుగుకు ఒక గ్లాసు తీసిపెట్టండి. గుడ్డు తింటే పెట్టండి, తినకపోతే బలవంతం వద్దు, పప్పు మెత్తగా ఉడికించి పెట్టండి. రాగుల్లో క్యాల్షియం బాగా ఉంటుంది, 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైనే. కానీ మెత్తటి పిండిలో రెండు చెంచాల బెల్లం వేసి షుగర్ ఉన్నవాళ్లకు తాపితే అది మేలు కాదు. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు, ఊరగాయ, అప్పడాల లెక్క అందులోనే.

ఇంకొకటి, ఒంటరిగా తిననివ్వకండి. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందని 2013లో చెప్పింది. చదువు రానివాళ్లలోనూ తేడా కనిపించింది. హిందూపురం, ధర్మవరం వైపు మన పెద్దవాళ్లకు తెలుగు, కన్నడ, ఉర్దూ అన్నీ వచ్చు. మాట్లాడేవాళ్లే లేరు. మేం పొలం నుంచి ఎవరి వేళకు వాళ్లు వచ్చి తినేవాళ్లం. ఇప్పుడు రాత్రి భోజనం అవ్వతోనే.

తోటి ప్రకృతి వ్యవసాయం మిత్రులకు ఒక మనవి. విషం లేని పంట పండిస్తున్నాం, ఆ మాట గర్వంగా చెప్పుకుందాం. పండించింది మందు అని మాత్రం చెప్పొద్దు. మన మాట నమ్మి ఎవరో ఒకరు ఆసుపత్రికి పోవడం ఏడు నెలలు ఆపుతారు. నేను ఆపినా కదా.

ఇప్పుడు స్టాల్‌లో ఎవరైనా అడిగితే "ముందు రక్త పరీక్ష చేయించుకుని రాన్నా, తర్వాత పిండి ఇస్తా" అంటున్నా. కొందరు పక్క స్టాల్‌కు పోతున్నారు. పోనీలెండి.