కుక్కరు కూస్తే గుండె దడ

పిల్లలూ, ఉరుము ఉరిమితే మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారు? "అర్జునా, ఫల్గుణా అనుకో, భయం పోతుంది" అంటారు. అర్జునుడికి పది పేర్లున్నై. అవన్నీ చెప్పేసరికి ఉరుము కాస్తా దాటిపోతుంది. మీరు నవ్వుకోవచ్చు గాని, అందులో ఒక కిటుకున్నది. పది పేర్లు వరసగా చెప్పాలంటే ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదలాలి. పక్కన అమ్మమ్మ ఉంటుంది. పైగా, ఉరుముతున్నంతసేపూ మనం ఎక్కడికీ పారిపోకుండా అక్కడే కూచుంటాం. ఈ మూడు సంగతులూ గుర్తుంచుకోండి, ముందు పనికొస్తై.

ఈ నెల మనం చెప్పుకోబోయేది భయాన్ని గురించి. అందులోనూ, ప్రమాదం దాటిపోయిన తరవాత కూడా మనిషిని వదలని భయాన్ని గురించి. పెద్దవాళ్ళు దీన్ని ఆందోళన అంటారు. దీనికి వైద్యం ఉన్నది. ఆ వైద్యంలో చాలా భాగం మాటలతోనూ, అభ్యాసంతోనూ జరిగిపోతుందంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు.

హైదరాబాదు నుంచి ముంబాయి రోడ్డున సంగారెడ్డికి పోతుంటే రామచంద్రాపురం, పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం వస్తై. దారి పొడుగునా కర్మాగారాలే. రోడ్డుకు కాస్త లోపలగా పాశమైలారం ఉన్నది. అక్కడ 2025 జూన్ 30న, పొద్దున్న షిఫ్టు నడుస్తుండగా, మందుబిళ్ళల్లో కలిపే పొడిని తయారుచేసే ఒక కర్మాగారం పేలిపోయింది. 50 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్ వంటి దూరప్రాంతాల నుంచి పనికోసం వచ్చినవాళ్ళు.

అటువంటి ఊళ్ళో ఉండే ఒక పిల్లవాణ్ణి ఊహించుకుందాం. వాడికి పదేళ్ళు. తండ్రి ఇంకో కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు. ఆ రోజున వాళ్ళకేమీ కాలేదు. కాని అప్పటినుంచీ ఇంట్లో కుక్కరు కూస్తే చాలు, వాడు రెండు చెవులూ మూసుకుని వీధిలోకి పరుగెత్తుతాడు. తండ్రికి రాత్రి షిఫ్టు పడితే నిద్రపోడు. గంటకోసారి ఫోను చేయమని తల్లిని పోరుతాడు. కడుపులో నొప్పి అంటూ బడి మానేస్తున్నాడు. ఇరుగుపొరుగువాళ్ళు తాయెత్తు కట్టించమన్నారు. తండ్రి, "మగపిల్లవాడివి, భయమేమిట్రా?" అని కసిరాడు. ఈ కసురుకోవడంవల్ల ఇంతవరకు ఎవరికైనా భయం పోయిందేమో నాకైతే తెలియదు. భయపడ్డ సంగతి బయటికి చెప్పకుండా దాచుకోవడం మటుకు వస్తుంది.

అసలు వాడి ఒంట్లో ఏం జరుగుతున్నది? మన మెదడులో బాదంగింజ ఆకారంలో ఒక చిన్న భాగం ఉన్నది. దాని పేరు అమిగ్డాలా. ఇంటికి కాపలా కుక్క ఎటువంటిదో మనకిది అటువంటిది. ప్రమాదం అనిపించగానే మొరుగుతుంది. ఆ మొరుగు విని, మూత్రపిండాల మీద టోపీల్లాగా కూచున్న రెండు గ్రంథులు అడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతై. గుండె దడదడ కొట్టుకుంటుంది, ఊపిరి వేగమవుతుంది, అరచేతులకు చెమట పోస్తుంది, నోరెండిపోతుంది. ఇదంతా జబ్బు కాదు. ఎదిరించడానికో, పారిపోవడానికో శరీరం సిద్ధం కావడమన్నమాట. పులి ఎదురైనప్పుడు ఇది లేకపోతే మన తాతముత్తాతలు బతికేవాళ్ళే కారు!

చిక్కెక్కడంటే, ఒకసారి దొంగను చూసిన కుక్క పాలవాణ్ణి చూసి కూడా మొరగవచ్చు. కుక్కరు కూత విని మన పిల్లవాడు పరుగెత్తాడు గద? వీధిలోకి రాగానే గుండె నెమ్మదించింది. అప్పుడు వాడి మనసు, "పరుగెత్తాను గనకనే బతికాను" అనుకున్నది. పరుగెత్తకపోయినా ఏమీ అయేది కాదని తెలుసుకునే అవకాశం వాడికి చిక్కలేదు. అందుచేత మొదట కుక్కరొక్కటే, తరవాత లారీ టైరు పేలిన చప్పుడు, ఆ తరవాత బడిగంట కూడా! పారిపోయినకొద్దీ భయం పెరుగుతూ పోతుంది.

దీన్ని తిరగేయడం ఎట్లాగో చూపిన ఒక పిల్లవాడి కథ వినండి. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు దీన్ని ప్రకటించింది. పిల్లవాడి పేరు పీటర్ అని రాసింది. వాడికి మూడేళ్ళు నిండలేదు. కుందేలంటే హడలు. కుందేలే కాదు, ఉన్నికోటూ, దూదీ, ఈకా చూసినా ఏడ్చేవాడు. భయంలేని ఇతర పిల్లలు కుందేలుతో ఆడుకుంటుంటే వాణ్ణి అక్కడ ఉంచారు. వాడిలో ధైర్యం కొంచెం కొంచెంగా పుంజుకుంటున్నది. ఇంతలో వాడికి స్కార్లెట్ జ్వరం వచ్చి రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆసుపత్రి నుంచి వస్తుంటే పెద్ద కుక్క ఒకటి మీదికి వచ్చింది. అంతే, అంతవరకు పడ్డ శ్రమంతా నీళ్ళపాలు!

జోన్స్ మళ్ళీ మొదలుపెట్టింది. పీటర్ తనకిష్టమైనది తింటున్నప్పుడు, పంజరంలో ఉన్న కుందేలును దూరంగా ఉంచేవారు. వాడు తిండి మానేయకుండా ఉన్నంతమేరకే దగ్గరికి తెచ్చేవారు. చివరికి పీటర్ తన వేళ్ళను కుందేలు కొరుకుతుంటే ఊరుకునేదాకా వచ్చాడు. తరవాత 1950లలో జోసెఫ్ వోల్పే అనే డాక్టరు ఈ పద్ధతిని పెద్దవాళ్ళకు పనికొచ్చేట్టు మలిచాడు. 1960లలో ఆరన్ బెక్ అనే మరో డాక్టరు, భయం కలిగినప్పుడు మనసులో మెదిలే మాటలను పట్టుకుని పరీక్షించడం నేర్పాడు. ఇప్పటి వైద్యంలో ఈ రెండూ కలిసి ఉంటై.

మన పిల్లవాణ్ణి తల్లి సైకాలజిస్టు దగ్గరికి తీసుకుపోయిందనుకోండి. ఆమె మొదటిరోజున వాడు చెప్పేది వింటుంది. తరవాత ఇద్దరూ కలిసి ఒక నిచ్చెన గీస్తారు. అడుగుమెట్టు మీద, ఫోనులో రికార్డు చేసిన కుక్కరు కూతను చాలా మెల్లగా వినడం. దానికి భయం పదింటికి మూడు. ఆపై మెట్టు, తల్లి వంట చేస్తుంటే ముందుగదిలో కూచోవడం. దానికి అయిదు. ఆ పైన వంటింట్లోనే కూచోవడం. అన్నిటికన్నా పైమెట్టు, నాన్న రాత్రి షిఫ్టుకు పోయినప్పుడు ఒక్కసారే ఫోను చేసి పడుకోవడం. దానికి పది!

ఒక్కొక్క మెట్టు మీదా మళ్ళీ మళ్ళీ నిలబడాలి. ఊపిరి మెల్లగా వదులుతూ, పారిపోకుండా. నోటుపుస్తకంలో ముందు, "ఏమవుతుందనుకున్నాను?" అని రాసుకోవాలి, తరవాత, "ఏమయింది?" అని. "కుక్కరు పేలుతుందనుకున్నాను." "పప్పు ఉడికింది." అర్జునుడి పేర్లలోని మూడు కిటుకులూ ఇక్కడ ఉన్నై, చూశారా?

ఇది చదివి మీ తమ్ముణ్ణి చీకటిగదిలో పెట్టి గడియ వేసేరు సుమా! అది వైద్యం కాదు, హింస. ఈత నేర్పేవాళ్ళు నడుముకు బెండు కట్టి, మొదట మెట్ల దగ్గర కాళ్ళు ఆడించమంటారు. నడిబావిలోకి తోసేవాడు గురువు కాడు. ఏ మెట్టు ఎప్పుడెక్కాలో పిల్లవాడి సమ్మతి మీదనే జరగాలి. పీటర్‌కు లాగానే వెనక్కి జారడం కూడా ఉంటుంది. కొందరికి డాక్టరు మందులు కూడా ఇవ్వవలసి వస్తుంది.

ఇక ఒక కష్టమైన ప్రశ్న ఉన్నది. మన పిల్లవాడు తప్పక అడుగుతాడు: "మళ్ళ పేలదు గద మేడమ్?"

"పేలదు" అని ఆమె చెప్పకూడదు. ఎందుకంటే ఆ మాట ఎవరూ ఇవ్వలేరు. కుక్కరుకు భయపడడం వేరు, కర్మాగారంలో ప్రమాదానికి భయపడడం వేరు. ఆ రెండో భయాన్ని పోగొట్టవలసింది సైకాలజిస్టు కాదు. యంత్రాలను సరిగా ఉంచవలసిన యజమానులూ, వాటిని తనిఖీ చేయవలసిన అధికారులూ. పిల్లవాడు ధైర్యం తెచ్చుకున్నంత మాత్రాన వాళ్ళ పని తప్పదు. అందుకని ఆమె తండ్రిని పిలిచి కూచోబెడుతుంది. కంపెనీలో ఏ సైరను దేనికి మోగుతుందో, మోగితే అందరూ ఎక్కడికి వచ్చి నిలబడాలో, తను ఏ గేటు గుండా బయటికి వస్తాడో తండ్రి కాగితం మీద గీసి చూపిస్తాడు. ఇంతకుముందు కసిరినవాడే! నిజమైన సైరను విన్నప్పుడు పరుగెత్తవలసిందేనని పిల్లవాడికి కూడా చెపుతారు.

మీకుగాని, మీ స్నేహితులకుగాని ఇటువంటి భయం వారాల తరబడి ఉండి, నిద్రా, తిండీ, బడీ చెడగొడుతుంటే, ఇంట్లోనో, బళ్ళో మాస్టారికో చెప్పండి. పిచ్చి అంటారేమోనని దాచకండి, ఇది పిచ్చి కాదు. 14416 అనే నంబరుకు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు. దాని పేరు టెలి మానస్, 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బు తీసుకోరు. తెలుగు, హిందీయే కాక ఇంకా చాలా భాషల్లో మాట్లాడతారు గనక, మీ బళ్ళో ఒడిశా నుంచో, బీహారు నుంచో వచ్చి కొత్తగా చేరి, వెనకబెంచీలో మాట్లాడకుండా కూచునే పిల్లవాడుంటే, ఆ నంబరు వాడికి కూడా రాసి ఇవ్వండి.