ఏ గొట్టానికి ఏ పొగాకు?

లంక పొగాకు చుట్టకే రుచి, వర్జీనియా సిగరెట్టుకే తగును, పైపుకు మరో రకం కావాలి. ఈ జతకూర్పు పాండిత్యం బందరు, గుడివాడ, దివిసీమలలో ఏళ్ళుగా వింటున్నాను. ఇది రుచుల శాస్త్రం కాదు, రోగాల పంపకం.

గాలికి ఆరిన చుట్ట పొగాకు పొగకు క్షారగుణం ఎక్కువ. పొగ లోపలికి పీల్చకపోయినా నికోటిన్ నోటి పొరల గుండానే రక్తంలో చేరుతుంది. బ్యారన్లలో వేడికి పక్వమైన వర్జీనియా పొగది ఆమ్లగుణం. నికోటిన్ కోసం దానిని ఊపిరితిత్తుల దాకా పీల్చవలసిందే.

కనుక "నేను పొగ మింగను డాక్టరుగారూ" అనే చుట్టరాయుడి ధీమా వట్టిది. పెదవి, నాలుక, గొంతు అతని పొగకు గురి అవుతూనే ఉంటాయి. హుక్కా నీరూ విషాన్ని కడిగివేయదు.

చుట్ట ఈరోజే ఆర్పండి. నోటిలో తెల్లమచ్చ గాని, రెండు వారాలకూ మానని పుండు గాని ఉంటే వెంటనే వైద్యునికి చూపండి.