సెలవు అడగడం తప్పు కాదు, రాసివ్వకపోవడమే తప్పు



పోయిన ఆదివారం టెక్కా దగ్గర ఒక తమ్ముడు కలిశాడు. శ్రీకాకుళం వైపు మనిషి, షిప్‌యార్డులో వెల్డరు. వచ్చి రెండేళ్లు దాటింది. "ఏడాదికి ఎన్ని సెలవులు ఇస్తున్నారు తమ్ముడూ?" అని అడిగాను. "మా కంపెనీలో సెలవులు లేవన్నా. పనికెళ్తే డబ్బులు, వెళ్లకపోతే లేదు" అన్నాడు. అక్కడితో ఆగలేదు. "రెండేళ్లలో ఒక్క ఎంసీ కూడా పెట్టలేదన్నా" అని గొప్పగా చెప్పాడు.

మొదటి మాట విన్నప్పుడు కంపెనీ మీద కోపం వచ్చింది. రెండో మాట విన్నప్పుడు మన మీద మనకే రావాలి అనిపించింది. ఈ వారం ఆ రెండో మాట గురించే గట్టిగా మాట్లాడతాను. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి, కానీ చివరిదాకా చదవండి.

*సెలవు కూడా జీతంలో భాగమే*

"మా కంపెనీలో సెలవులు లేవు" అనే మాట ఈ దేశంలో చెల్లదు. ఇక్కడి ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్ 1968 నాటిది. వర్క్ పర్మిట్ మీద వచ్చిన మనకి కూడా అదే వర్తిస్తుంది. మూడు నెలలు పని చేసిన ప్రతి మనిషికీ జీతంతో కూడిన సెలవు ఉంది. మొదటి ఏడాది 7 రోజులు, రెండో ఏడాది 8. అలా ఏటా ఒకటి పెరుగుతూ ఎనిమిదో ఏడాదికి 14 రోజులు అవుతాయి.

ఆ తమ్ముడి లెక్కే చూడండి. రోజుకి 24 డాలర్లు అనుకుందాం. రెండేళ్లకి 15 రోజులు, అంటే 360 డాలర్లు. మన రూపాయల్లో ఇరవై వేలకు పైమాటే. మధ్యలో చెల్లెలి పెళ్లికి 20 రోజులు ఊరెళ్లి వచ్చాడు. ఆ 20 రోజులూ పేస్లిప్‌లో "నో పే" అని కొట్టేశారు. తనకి రావాల్సిన సెలవులు అందులో కలిపి ఆ మేరకు జీతం ఇమ్మని అడగొచ్చని అతనికి తెలియదు. చెప్పిన వాళ్లూ లేరు.

ఇంకో సంగతి. ఒక ఏడాది సెలవు ఆ తర్వాతి 12 నెలల్లో కూడా వాడుకోకపోతే పోతుంది. "అడిగితే ఏమనుకుంటారో" అని మనం ఊరుకున్న కొద్దీ కంపెనీకే మిగులు.

*ఎంసీ పెట్టకపోవడం మగతనం కాదు*

జ్వరంతో లారీ ఎక్కి, ట్యాంకు లోపల దిగి వెల్డింగ్ చేసిన వాడిని మనం "గట్టోడురా" అంటాం. ఆ మాట అనడం మానేద్దాం. జ్వరంతో ఎత్తు మీద పని చేసేవాడు తనకే కాదు, కింద ఉన్న నలుగురికీ ప్రమాదం. ఉద్దానం నుంచి వచ్చిన వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కిడ్నీ జబ్బు ముదిరేదాకా తెలియక ఎన్ని ఇళ్లు చితికిపోయాయో మీరు కళ్లారా చూశారు. "ఇంకో రెండు నెలలు ఓర్చుకుంటే చాలు" అనుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లని మనిషి ఇంటికి డబ్బు కాదు, రోగం పట్టుకెళ్తాడు.

చట్టం లెక్క ఇది. మూడు నెలలు నిండితే మామూలు జబ్బుకి 5 రోజులు, ఆసుపత్రిలో చేరితే 15 రోజులు. నాలుగు నెలలకి 8, 30. అయిదు నెలలకి 11, 45. ఆరు నెలలు నిండాక ఏడాదికి మామూలుగా 14 రోజులు, దాన్ని కలుపుకుని ఆసుపత్రికి 60 రోజులు. అన్నీ జీతంతోనే. మన పని ఒక్కటే, 48 గంటల్లోగా కంపెనీకి తెలపాలి. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. ఎంసీ ఫొటో తీసి మెసేజ్ పెట్టండి, ఆ మెసేజ్ చెరిపేయకండి. చెప్పకుండా, సరైన కారణం లేకుండా వరసగా రెండు పనిదినాలు దాటి మానేస్తే కాంట్రాక్టు మీరే తెంపేశారని కంపెనీ అనగలదు. వాళ్లకి ఆ అవకాశం ఇవ్వకండి.

డాక్టర్ ఖర్చుకి భయపడే వాళ్లకి ఒక మాట. 2022 ఏప్రిల్ నుంచి డార్మ్‌లో ఉండే వాళ్లకి, కన్‌స్ట్రక్షన్, షిప్‌యార్డ్, ప్రాసెస్ పనుల వాళ్లకి కంపెనీ ప్రైమరీ కేర్ ప్లాన్ కొనాలి. ఆ సెంటర్‌కి వెళ్తే మీ వాటా 5 డాలర్లు. ఫోన్లో వీడియో ద్వారా చూపించుకుంటే 2 డాలర్లు.

పనిలో దెబ్బ తగిలితే దాని లెక్క వేరు. చేరి ఒక్కరోజే అయినా సరే గాయం చట్టం వర్తిస్తుంది. మొదటి 14 రోజుల ఎంసీకి, ఆసుపత్రిలో అయితే 60 రోజులకి పూర్తి జీతం. ఆ తర్వాత ప్రమాదం జరిగిన ఏడాదిలోపు మూడింట రెండు వంతులు. ఒక్కరోజు ఎంసీ అయినా, లైట్ డ్యూటీ అయినా కంపెనీ ఎంఓఎంకి రిపోర్ట్ చెయ్యాల్సిందే. "చిన్న దెబ్బే, రాయించుకోకు, నేను చూసుకుంటా" అనే సూపర్‌వైజర్ మీ గురించి కాదు, తన రికార్డు గురించి ఆలోచిస్తున్నాడు. డాక్టర్ గదిలో మీ నొప్పి గురించి మీరే చెప్పండి. మీ తరఫున ఇంకొకరు మాట్లాడకూడదు.

*వాళ్లు చెప్పే మాటలు, మనం చెప్పాల్సిన జవాబులు*

"నువ్వు సెలవు పెడితే లెవీ ఎవడు కడతాడు?" వరసగా 7 రోజులకి తగ్గకుండా సెలవు మీద దేశం బయట ఉన్న మనిషికి లెవీ మాఫీ కోసం కంపెనీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ దారి వాళ్లకి తెలుసు. మనకి తెలియదనే ఈ మాట అంటారు.

"ఎంసీ పెడితే 50 డాలర్లు ఫైన్." పనికి రానందుకు కోసే డబ్బు ఆ రోజు జీతాన్ని మించకూడదు. ఎంసీ ఇచ్చి, టైంకి చెప్పి, లెక్కలో రోజులు మిగిలి ఉంటే అసలు కోతే లేదు.

"సండే రాకపోతే ఇంక ఓటీ ఉండదు." వారానికి ఒక విశ్రాంతి రోజు చట్టంలో ఉంది. అనుకోని అవసరాలకి తప్ప ఆ రోజు రమ్మని బలవంతం చెయ్యకూడదు. వాళ్లు అడిగితే వెళ్లి సగం రోజు దాటి పని చేస్తే రెండు రోజుల బేసిక్ ఇవ్వాలి. రోజంతా పని చేయించి ఒకటిన్నర లెక్క కడుతున్నారంటే మీ డబ్బు వాళ్ల జేబులో ఉన్నట్టే.

"కాంట్రాక్టులో నువ్వే సంతకం పెట్టావు." చట్టం ఇచ్చిన దానికంటే తక్కువ రాసిన షరతు చెల్లదు, మీరు సంతకం పెట్టినా చెల్లదు.

*అడగాల్సింది ఒక్క కాగితం*

2016 ఏప్రిల్ నుంచి ముఖ్యమైన పని షరతులు ఉద్యోగంలో చేరిన 14 రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. అందులో సెలవులు కూడా ఉండాలి. చాలా కంపెనీల్లో ఆ కాగితం ఉండదు, ఉన్నా ఆఫీసు బీరువాలో ఉంటుంది. కాబట్టి గొడవ పడక్కర్లేదు. "మా సెలవుల రూల్స్ రాసివ్వండి" అని అడుగుదాం. అందులో ఇవి ఉండాలి:

1. ఏడాదికి ఎన్ని రోజులు, ఎవరికి చెప్పాలి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, జవాబు ఎన్ని రోజుల్లో ఇస్తారు.
2. ఊరెళ్లే సెలవులో జీతం వచ్చే రోజులు ఎన్ని, రానివి ఎన్ని.
3. జబ్బు సెలవు, ఆసుపత్రి సెలవు. ఎంసీ ఏ నంబర్‌కి పంపాలి.
4. వారంలో విశ్రాంతి రోజు ఏది. ఆదివారం కాకపోతే నెల మొదలయ్యే ముందే లిస్టు పెట్టాలి.
5. 11 ప్రభుత్వ సెలవులు. ఆ రోజు పని చేస్తే అదనంగా ఒక రోజు బేసిక్.
6. పని మానేసి వెళ్లేటప్పుడు మిగిలిన సెలవులకి డబ్బు. తప్పు చేశావని తీసేస్తే తప్ప ఇది ఇవ్వాలి.

చట్టంలో లేనివి రెండు ఉన్నాయి. అవి కూడా అడుగుదాం. ఒకటి, ఉగాది, సంక్రాంతి ఇక్కడ సెలవులు కావు. కానీ ఇద్దరికీ ఇష్టమైతే ఒక ప్రభుత్వ సెలవుని వేరే రోజుకి మార్చుకోవచ్చు. రెండోది, ఇంట్లో చావు కబురు. అమ్మ పోయినా నాన్న పోయినా సెలవు ఇవ్వాలని ఇక్కడి చట్టంలో రాసిలేదు. అది కాంట్రాక్టులో ఉంటేనే ఉన్నట్టు. వీడియో కాల్‌లో తండ్రికి కొరివి పెట్టడం చూసిన వాళ్లు ఈ గ్రూపులోనే ఉన్నారు. ఇకమీదట ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదంటే కబురు రాకముందే ఆ లైను కాగితం మీద ఉండాలి. కబురు వచ్చిన రాత్రి బతిమాలితే దొరికేది జాలి. జాలి ఒకరికి దొరుకుతుంది, ఇంకొకరికి దొరకదు.

*"అడిగితే పంపించేస్తారన్నా"*

ఈ భయం ఉత్తిది కాదు. మన పర్మిట్ ఆ కంపెనీ చేతిలోనే ఉంది. ఊర్లో అప్పు ఇంకా తీరలేదు. నేనేదో ధైర్యం నూరిపోసి మిమ్మల్ని ఇరికించను. అందుకే ఒక్కరే అడగొద్దు. ఒక గదిలో ఉన్న పది పన్నెండు మంది ఒకే మాట మీద, మర్యాదగా, రాతలో అడగండి. పది మందిని ఒకేసారి పంపేస్తే వాళ్ల పనే ఆగిపోతుంది. టైమ్ కార్డు, పేస్లిప్, ఎంసీ, మెసేజ్‌లు ఫొటోలు తీసి ఇంటికి కూడా పంపి పెట్టుకోండి.

ఇవ్వకపోతే మైగ్రంట్ వర్కర్స్ సెంటర్‌కి ఫోన్ చెయ్యండి: 6536 2692, రాత్రీ పగలూ ఎత్తుతారు. జీతం లెక్కల గొడవలు టాడ్‌మ్ దగ్గర వెయ్యాలి. పనిలో ఉండగా అయితే డబ్బు రావాల్సిన రోజు నుంచి ఏడాది లోపు, పని వదిలాక అయితే ఆరు నెలల లోపు. ఆ గడువు దాటితే న్యాయం మీ వైపున్నా కేసు నిలవదు.

ఇళ్లలో పని చేసే మన అక్కచెల్లెళ్లకి ఈ యాక్ట్ వర్తించదు. కానీ వాళ్లకీ వారానికి ఒక రోజు విశ్రాంతి ఉంది. 2023 జనవరి నుంచి నెలలో కనీసం ఒక రోజు సెలవు ఇవ్వాల్సిందే, డబ్బు ఇచ్చి దాన్ని తప్పించుకోవడం కుదరదు. తెలిసిన వాళ్లుంటే ఈ మాట చేరవేయండి.

చివరికి ఆ వెల్డర్ తమ్ముడు తన పేస్లిప్‌లన్నీ ఫోన్లో వెతికి చూపించాడు. సెలవు అనే మాట ఒక్క దాంట్లోనూ లేదు. ఈ ఆదివారం గదిలో అన్నం తిన్నాక మీరూ మీ పేస్లిప్ తీసి చూడండి. పక్క మంచం వాడిది కూడా చూడమనండి. సెలవు గడి ఖాళీగా ఉంటే సోమవారం అడగాల్సిన కాగితం ఏదో మీకు తెలిసిపోయినట్టే.

తెలుగు వచ్చిన ప్రతి డార్మ్ గ్రూపుకీ దీన్ని పంపండి.