కొండ ఎక్కకముందు ఐదు వారాలు



ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి మా దగ్గరకు వచ్చారు. "అయ్యగారూ, మా వాడిని మిలిటరీలో లేహ్‌కు పంపారండి. విమానం దిగినప్పటినుండి పనేమీ చెప్పలేదట, రెండు రోజులు పడుకోమన్నారట. తలనొప్పిగా ఉందంటున్నాడు. పైవాళ్లకు చెబితే నలుగురిలో చులకనైపోతాడట, చెప్పనంటున్నాడు" అని కన్నీరు పెట్టుకున్నారు.

పడుకోమన్నందుకు దిగులు వద్దని చెప్పాము. లేహ్ పట్టణము సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. మన హార్సిలీ కొండలు 1,300 మీటర్లు కూడా లేవు. అంత ఎత్తున గాలి పలుచన; ఊపిరి పీల్చిన ప్రతిసారి అందే ప్రాణవాయువు ఇక్కడ అందేదానిలో మూడింట రెండు వంతులే. అందుకే కొత్తగా వచ్చిన జవానులకు సైన్యము ఆరు రోజులు గడువిస్తుంది. మొదటి రెండు రోజులు విశ్రాంతి, తరువాత కొద్దికొద్దిగా నడక. ఇంకా పైకి పంపాలంటే మరల నాలుగేసి రోజులు ఆపుతారు. మోషే కూడా సీనాయి కొండమీద ఆరు దినములు ఆగిన తరువాతనే మేఘములోనికి పిలువబడెనని నిర్గమకాండములో చదువుతాము. అది వేరే సంగతి గాని, ఆ మాటతో ఆమె ముఖము కొంత తేరుకున్నది.

మాకు భయము వేసినది ఆ దాచిపెట్టిన తలనొప్పిని గురించి.

పెద్ద కొండలెక్కేవారు తొందరపడకూడదని అనుభవముతో నేర్చుకున్నారు. 1922లో ఎవరెస్టుకు వెళ్లిన ఇంగ్లీషు బృందములో డాక్టర్ హోవార్డ్ సోమర్వెల్ గారు ఒకరు. అప్పట్లో నేపాలు దారి విదేశీయులకు మూసి ఉన్నది. వారు మార్చి చివర డార్జిలింగులో బయలుదేరి, జెలెప్ లా కనుమ దాటి, టిబెట్టు పీఠభూమి మీదుగా ఐదు వారాలు ప్రయాణము చేశారు. చలిగాలి, దుమ్ము, రోజూ గుడారము పీకడము, వేయడము. కొండ ఎక్కవలసినవారికి అదంతా వృథా ప్రయాస అనిపించవచ్చు. కాని ఆ నడకలోనే శరీరము మారింది. ఊపిరి లోతైంది, రక్తములో ఎర్రకణములు పెరిగాయి. మే 1న కొండ క్రింద గుడారములు వేసినవారు అదే నెల 21న సిలిండరు గాలి లేకుండా 8,200 మీటర్లు దాటారు. అలవాటు లేని మనిషిని అక్కడ దింపితే కొద్ది నిమిషములలో స్పృహ తప్పుతుంది.

అలవాటుపడిన శరీరానికి కూడా మంచుతో పొత్తు లేదు. జూన్ 7న మంచుచరియ విరిగి ఏడుగురు మోతగాళ్లు చనిపోయారు. తమలో ఒక్కరైనా వారితో చనిపోలేదే అని సోమర్వెల్ గారు ఎంతో వేదనపడ్డారు. ఇంటికి పోకముందు దక్షిణ దేశము చూడవచ్చి, తిరువాన్కూరులోని నెయ్యూరు మిషను ఆసుపత్రిలో రోగుల గుంపులను చూచి, లండనులో ఎదురుచూస్తున్న భవిష్యత్తును వదలుకొన్నారు. 1924లో మరల కొండకు వెళ్లినప్పుడు గడ్డకట్టే గాలికి గొంతు లోపలి పొర ఊడి అడ్డుపడింది. చావుకు సిద్ధపడి కూర్చుండి, రెండు చేతులతో రొమ్మును గట్టిగా నొక్కుకోగా అది బయటపడింది. అలా బ్రతికిన ఆ చేతులు నెయ్యూరులోను, 1949 తరువాత రాయవేలూరు వైద్య కళాశాలలోను ఎన్నో ఏండ్లు కత్తి పట్టాయి.

ఇప్పుడు మన పిల్లలు ఉద్యోగానికనో, సరదాకనో ఆ ఎత్తులకు వెళ్తున్నారు. తలనొప్పి, అన్నము సయించకపోవడము, వాంతి వస్తే అక్కడే ఆగాలి. తగ్గేవరకు ఇంకా పైకి పోకూడదు. కూర్చున్నా ఆయాసము, నురగ దగ్గు, నడకలో తూలడము కనబడితే రాత్రి అయినా సరే, వెంటనే క్రిందికి దింపాలి. కండబలము గలవాడికి రాదనుకోవడము పొరపాటు. ముందు పరుగెత్తేది వాడే, చెప్పుకోవడానికి సిగ్గుపడేదీ వాడే.

ఆ తల్లి మా ఎదుటే ఫోను చేసి, "చెప్పు నాన్నా, ఇందులో చులకనేముంది? డాక్టరుగారికి చెప్పు" అన్నారు. అవతల చాలాసేపు మాట లేదు. మరుసటి ఆదివారము ఆమె కృతజ్ఞత కానుక వేసి, మరో మూడు రోజులు పడుకోబెట్టారని, ఇప్పుడు అన్నము తింటున్నాడని చెప్పారు.